వాయిదాల వ్యాపారమూ, మన కథల్లో అప్పూ

పోయిన దసరా సెలవుల్లో నామీద ఒక చిన్న పని పడింది. చాలా కాలం కిందట నా దగ్గర పదో తరగతి చదువుకున్న అమ్మాయి ఒకామె మంగళగిరిలో కాపురముంటోంది. అత్తవారిది నేతపని. ఇంట్లో రెండు, బయట మరో నాలుగు గుంట మగ్గాల మీద వాళ్ళకు చీరలు నేస్తారు. నాలుగేళ్ళుగా ఈ అమ్మాయి ఆ చీరల్ని ఆన్‌లైన్‌లో అమ్ముతోంది. డబ్బు వసూలు చేసి తన ఖాతాలో వేసే పని ఒక చెల్లింపుల కంపెనీకి అప్పజెప్పింది. ఆ కంపెనీవాళ్ళు కొత్తగా ఒక సౌకర్యం ఇచ్చారు. అది ఒప్పుకుంటే చీర వెల కింద "నో కాస్ట్ ఈఎమ్ఐ" అని పడుతుంది. తెలుగు కావాలంటే "ఖర్చు లేని ఈఎమ్ఐ" అని పడుతుంది. "ఇదేం తెలుగు సార్, చదివితే ఏమీ అర్థం కావటం లేదు. మీరు ఒక్క వాక్యం రాసిపెట్టండి" అని ఆమె కోరిక.

రాసిచ్చాను. "వడ్డీ లేకుండా ఆరు వాయిదాల్లో మీకు నచ్చిన చీర" అన్నది ఆ వాక్యం. రెండు నిమిషాల పని. పరాయి మాటను ఇంటి మాటగా మార్చినందుకు లోపల కొంచెం గర్వం కూడా కలిగింది. ఆ అమ్మాయి కాగితం మడిచి సంచిలో పెట్టుకుంటూ, "వడ్డీ లేకపోవటమేమిటి సార్, అది నా దగ్గరే కోస్తారుగా" అని నవ్వింది. ఆమెకది మామూలు మాట. నాకు కాలేదు. రెండు దశాబ్దాలుగా పిల్లలకు ఏ మాట ఎక్కడ వాడాలో చెబుతున్నవాణ్ణి, ఇతరుల కథల్లో వాస్తవికత వుందా లేదా అని తూకం వేస్తున్నవాణ్ణి, నిజం కాని వాక్యం ఒకటి నిశ్చింతగా రాసి చేతిలో పెట్టాను. కాగితం వెనక్కి తీసుకుని, "లెక్క చెప్పమ్మా" అన్నాను.

ఆమె చెప్పిన లెక్కను ఇక్కడ కొంచెం విడమర్చి చెబుతాను. సాహిత్య పత్రికలో ఈ బేరసారాలేమిటని మిత్రులు విసుక్కోవచ్చు. అప్పు మన కథకు ప్రాణవస్తువు. రైతు కథ, కూలి కథ, మధ్యతరగతి కథ, ఏది తీసుకున్నా ఎక్కడో ఒకచోట అప్పు తగలక మానదు. ఆ అప్పు ఇవాళ ఏ రూపంలో నడుస్తోందో తెలియకుండా కథ రాయడం కష్టం. నాకు తెలియదని ఆ రోజు తేలిపోయింది. నావంటివారు ఇంకా కొందరుంటారన్న ధైర్యంతో ఈ వ్యాసం.

చీర మంగళగిరి పట్టులో మంచి రకం. వెల 12,000 రూపాయలు. కొనే ఆమె క్రెడిట్ కార్డు మీద ఆరు నెలల వాయిదాలు ఎంచుకుందనుకుందాం. నెలకు 2,000 చొప్పున ఆరు నెలలు, మొత్తం 12,000. పైకి చూస్తే వడ్డీ ఎక్కడా కనపడదు. లోపల జరిగేది వేరు. బ్యాంకు సంవత్సరానికి 15 శాతం వడ్డీ తీసుకునేదైతే, నెలకు రెండు వేల చొప్పున ఆరుసార్లు వచ్చే డబ్బుకు ఈ రోజున అది ఇవ్వగలిగింది 11,492 రూపాయలే. అంతే అప్పుగా రాసుకుంటుంది. తక్కిన 508 రూపాయల్ని అమ్మే మనిషి "తగ్గింపు" అనే పేరుతో వదులుకోవాలి. అంటే కొన్న ఆమె కట్టే పన్నెండు వేలల్లో 11,492 అసలు, 508 వడ్డీ. వడ్డీ వుంది. దాన్ని చీర వెలలోనుంచి తీశారు కనుక కొన్న ఆమెకు కనపడలేదు, అంతే.

ఇక్కడితో అయిపోలేదు. మామూలు అప్పు మీది వడ్డీకి జీఎస్టీ లేదు గాని, క్రెడిట్ కార్డు మీది వడ్డీకి 18 శాతం వుంది. 508కి అది 91 రూపాయలు. దానికితోడు చాలా బ్యాంకులు ఈ వాయిదాలకు ఒక రుసుము వేస్తాయి. 199 రూపాయలనుకుంటే పన్నుతో కలిపి 235. ఖర్చు లేని వాయిదాకు కొన్న ఆమె చివరకు పెట్టిన ఖర్చు 326 రూపాయలు. అమ్మిన ఆమెకు 11,492లోనుంచి చెల్లింపుల కంపెనీ తన వాటా మినహాయించుకుని మిగతాది రెండు మూడు రోజుల్లో వేస్తుంది.

ఇందులో అమ్మే మనిషికి లాభం లేదని కాదు. డబ్బంతా ఒకేసారి చేతికొస్తుంది. కొన్న ఆమె మూడో వాయిదా ఎగ్గొడితే ఆ తలనొప్పి బ్యాంకుది. అన్నిటికంటే ముఖ్యం, పన్నెండు వేలు ఒక్కసారి పెట్టలేక వెళ్ళిపోయే మనిషి రెండు వేలు చూసి ఆగుతుంది. ఈ సౌకర్యం పెట్టకపోతే పక్క అంగడికి పోతారని మా అమ్మాయి భయం. ఆ భయం నిజమే.

"మరి ఈ అయిదొందలు నువ్వెలా భరిస్తున్నావమ్మా?" అని అడిగాను.

"నేనెక్కడ భరిస్తాను సార్? ఆ చీర 11,500కి ఇద్దామనుకున్నాను. వాయిదాలు పెడదామనుకున్నాక 12,000 చేశాను."

ఈ ఒక్క జవాబులో నాకు తెలియని అర్థశాస్త్రం చాలా వుంది. వెల పెంచేటప్పుడు వాయిదాల వాళ్ళకొక వెల, మిగతా వాళ్ళకొక వెల అని వుండదు. చీర కింద ఒకే అంకె వుంటుంది. కాబట్టి పన్నెండు వేలూ ఒకేసారి ఇచ్చి కొనుక్కున్న మనిషి కూడా తను చేయని అప్పుకు అయిదొందలు వడ్డీ పెట్టుకున్నట్టే. అది బ్యాంకుకు పోకుండా అంగట్లోనే మిగలవచ్చు. ఇచ్చినవాడికి మాత్రం ఇచ్చిన సంగతే తెలియదు. వడ్డీకి వెల అని పేరు పెట్టాక అదెవరు ఇచ్చారో, ఎవరు పుచ్చుకున్నారో చెప్పడం కష్టమవుతుంది.

రిజర్వు బ్యాంకు ఈ మాటల గారడీని ఒకసారి పట్టుకుంది. క్రెడిట్ కార్డుల మీద "సున్నా శాతం వడ్డీ" వాయిదాలని బ్యాంకులు ప్రచారం చేసుకుంటున్న రోజుల్లో, 2013 సెప్టెంబరులో ఒక ఉత్తరువు ఇచ్చింది. సున్నా వడ్డీ అనేదే లేదని, వడ్డీని రుసుము రూపంలో దాస్తున్నారని, ఆ పద్ధతి మానాలని దాని సారాంశం. సర్కారు కాగితాల్లో ఇంత సూటిగా వుండేవి నేను తక్కువ చూశాను. ఆ తర్వాత "సున్నా" పోయి "ఖర్చు లేని" వచ్చింది. వడ్డీ వుందని ఒప్పుకుంటూనే, దాన్ని అంగడివాడు తగ్గింపుగా ఇస్తున్నాడని చూపించే ఏర్పాటు. నేను అందులో "ఖర్చు"ను తీసి "వడ్డీ" పెట్టి, 2013 ముందు నాటి అబద్ధాన్ని చక్కని తెలుగులో మళ్ళీ తెచ్చాను.

ఆన్‌లైన్‌లో వాయిదాలకు కార్డు ఒక్కటే దారి కాదు. కార్డు లేనివాళ్ళకు ఫైనాన్సు కంపెనీలు, అప్పుల యాప్‌లు వున్నాయి. ఆధారు, పాను నంబర్లు తీసుకుని, కొనే సమయంలోనే, నిమిషాల మీద అప్పు మంజూరు చేస్తాయి. ఇప్పుడు తీసుకో, తర్వాత కట్టు అన్నది వాటి పద్ధతి. వీటిలో కొన్ని వడ్డీని మొదటి అసలు మీదే చివరిదాకా లెక్కగడతాయి. 12,000 మీద 12 శాతం అంటే ఏడాదికి 1,440, నెలకు 1,120 చొప్పున పన్నెండు వాయిదాలు. వినడానికి 12 శాతమే. నెలనెలా అసలు తగ్గిపోతున్నా వడ్డీ తగ్గదు కనుక నిజంగా పడేది 21 శాతం పైమాట. పాతకాలపు షావుకారుకు ఈ లెక్క నోటికి వచ్చు. మన ఎమ్మేలకు రాదు.

అప్పుల యాప్‌ల సంగతి తెలుగువాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. 2020 చివరి నెలల్లో తెలంగాణలో వాటి వేధింపులు, ఆత్మహత్యలు పత్రికలకెక్కాయి. పోలీసులు అరెస్టులు చేశారు. 2021 జనవరిలో రిజర్వు బ్యాంకు ఒక అధ్యయన బృందాన్ని వేసింది. 2022 సెప్టెంబరులో నియమాలు వచ్చాయి. అప్పు ఇచ్చేది ఏ సంస్థో చెప్పాలి, అన్ని ఖర్చులూ కలిపిన వార్షిక రేటు ముందే చూపించాలి, మనసు మారితే కొద్ది గడువులో అసలూ అన్నాళ్ళ వడ్డీ కట్టి బయటపడే వీలుండాలి అని. 2024లో ఇంకో అడుగు వేసి, వ్యక్తులకిచ్చే అప్పులకు ఒక వివరాల పత్రం తప్పనిసరి చేశారు. ఆ పత్రం అప్పు తీసుకునేవారికి అర్థమయ్యే భాషలో వుండాలని ఆ ఉత్తరువులోనే రాశారు. తెలుగు పంతులుగా నాకు సంతోషం కలిగించిన వాక్యం అది. తీరా కింద చూస్తే క్రెడిట్ కార్డు బాకీలకు ఈ ఉత్తరువు వర్తించదని వుంది. మా అమ్మాయి చీర మీది అప్పు కార్డు మీది అప్పే.

ఇప్పుడు సాహిత్యానికి వద్దాం.

వాయిదాల అమ్మకం ఆన్‌లైన్‌తో పుట్టింది కాదు. అమెరికాలో సింగర్ కుట్టుమిషన్ల కంపెనీ 1856లో వాయిదాల పద్ధతి మొదలుపెట్టింది. ఇసాక్ సింగర్ భాగస్వామి ఎడ్వర్డ్ క్లార్క్ ఆలోచన అది. కొంత ముందిచ్చి మిషను ఇంటికి తీసుకుపోవచ్చు, మిగతాది నెలనెలా కట్టవచ్చు. సరిగ్గా ఆ 1856 చివరి నెలల్లోనే ఫ్రాన్సులో ఫ్లాబేర్ నవల "మదామ్ బొవారీ" ఒక పత్రికలో ధారావాహికగా వచ్చింది. ఆ నవలను మనం సాధారణంగా ఒక స్త్రీ ప్రేమల కథగా పాఠం చెబుతాం. కాని ఎమ్మాను చివరకు విషం దాకా నెట్టిన మనిషి ప్రియుల కంటే ఎక్కువగా లెరో అనే బట్టల వర్తకుడు. అతను డబ్బు అడగడు. సరుకు ఇంటికి తెచ్చి చూపిస్తాడు, తొందరేముంది తర్వాత చూసుకుందాం అంటాడు, నోట్ల మీద సంతకాలు పెట్టించుకుంటాడు. గడువు వచ్చినప్పుడు ఆ నోట్లు తన దగ్గర లేవు, వేరే ఊళ్ళో వున్న ఇంకో ఫైనాన్సరుకు ఇచ్చేశాను, నా చేతుల్లో ఏమీ లేదు అంటాడు. అమ్మేవాడు ఒకడు, అప్పు ఇంకొకడిది. కొన్న మనిషి మాట్లాడుకోవడానికి ఎదుట ఎవరూ వుండరు. నేటి ఏర్పాటు మొత్తం ఆ పాత్రలో వుంది. ఫ్లాబేర్ ఆ నోట్ల తేదీలు, మొత్తాలు, వాటిని తిరగరాసిన తీరు విసుగు లేకుండా రాశాడు. ఆ లెక్కలు తీసేస్తే నవల కూలిపోతుంది.

ఆర్థర్ మిల్లర్ నాటకం "సేల్స్‌మన్ మరణం" 1949 నాటిది. అమ్మకాలమీద బతికిన మనిషే ఇంట్లో ఫ్రిజ్ వాయిదాలు, ఇంటి వాయిదాలు కట్టలేక సతమతమవుతాడు. ఇంటి అప్పు ఆఖరి వాయిదా అతని అంత్యక్రియల రోజున తీరుతుంది. అది కన్నీళ్ళ కోసం పెట్టిన ఘట్టం కాదు, వాయిదా అన్నదాని స్వభావం. వస్తువు పాతబడటం, అప్పు తీరటం రెండూ పక్కపక్కన నడుస్తాయి. ఏది ముందు ముగుస్తుందో అన్నది పందెం.

మనవైపు కాళీపట్నం రామారావుగారి "యజ్ఞం" వుంది. ఆయన కూడా బడిపంతులే. అప్పల్రాముడి బాకీ మీద పంచాయితీ జరుగుతుంది. ఆ అప్పు ఎలా పుట్టింది, ఎలా పెరిగింది, ఊరి అభివృద్ధికీ దానికీ సంబంధం ఏమిటి అన్నదే ఆ కథ నిండా చర్చ. చివరకు సీతారాముడు తన కొడుకును బానిసగా బతకనివ్వనని చేసిన పని గురించి అర్ధ శతాబ్దంగా వాదించుకుంటున్నాం. ఆ ముగింపు మీద జరిగినంత చర్చ ఆ లెక్క మీద జరగలేదని నా అభిప్రాయం. ఆ లెక్క రచయితకు క్షుణ్ణంగా తెలుసు కనుకనే ముగింపుకు ఆ బలం వచ్చింది.

ఈ మూడింటినీ ఎందుకు ఎత్తానంటే, మన నేటి కథల్లో ఈఎమ్ఐ అన్న మాట విరివిగానే వస్తుంది గాని వాతావరణంలాగా వస్తుంది. "ఈఎమ్ఐలతో సతమతమవుతున్నాడు" అని ఒక వాక్యం, దాని వెంట ఒక నిట్టూర్పు. ఏ వస్తువుకు, ఎన్ని నెలలు, ఎవరికి, తప్పితే ఏమవుతుంది? చెప్పరు. ఆ మధ్య ఒక కథల పోటీకి వచ్చినవి చదివినప్పుడు గమనించాను: అప్పు ఇచ్చేవాడు కథలో కనపడవలసి వచ్చిన ప్రతిచోటా, పట్నం కథలో సైతం, పంచె కట్టి అరుగుమీద కూచున్న షావుకారే వచ్చాడు. వాడు లేడని నేననను. కాని కథ జరిగే చోట అప్పు ఇచ్చింది ఫోను.

రెంటికీ తేడా ముఖం ఒక్కటే కాదు. మా చిన్నప్పుడు, 1980లలో, మా వీధికి సైకిలు మీద స్టీలు గిన్నెలు, చీరలు తెచ్చి వారం వాయిదాల మీద ఇచ్చే మనిషి ఒకాయన వచ్చేవాడు. మా అమ్మ దగ్గర ఒక అట్టముక్క వుండేది. దాని మీద గళ్ళు. డబ్బు ఇచ్చినప్పుడల్లా ఒక గడిలో ఆయన పొడి అక్షరం వేసేవాడు. వెల ఎక్కువే, అది మా అమ్మకూ తెలుసు, ఆయనకూ తెలుసు. బజార్లో ఎంతో అడిగి తెలుసుకుని మరీ వాయిదాల మీద కొనేది. నాన్నకు జ్వరం వచ్చి మూడు వారాలు పనికి పోనప్పుడు ఆయన అరుగుమీద కూచుని మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయాడు. గళ్ళు ఖాళీగా వుండిపోయాయి. ఆయన మంచివాడని చెప్పటం లేదు. ఇంకో ఇంటి ముందు గొంతు పెంచి అరవటమూ నేను విన్నాను. ఆ అరుపుకు వీధి సాక్షి. మంచినీళ్ళకూ వీధే సాక్షి. 2010లో ఆంధ్రప్రదేశ్‌లో సూక్ష్మరుణ సంస్థల వారం వాయిదాల మీద గొడవ రేగి సర్కారు ఆర్డినెన్సు తెచ్చే నాటికి కూడా, వసూలు చేసేది పక్కింటి ఆడవాళ్ళ గుంపు. ఫోను మీది అప్పులో వాయిదా రోజున ఖాతాలో డబ్బు తనంతట తానే పోతుంది. లేకపోతే చెల్లని రుసుము పడుతుంది. కథకుడికి సన్నివేశం దొరకదు. మనవాళ్ళు పాత షావుకారును పిలుచుకురావడానికి అసలు కారణం ఇదేనేమో. సన్నివేశం కావాలి గదా.

సన్నివేశం వుంది. దాన్ని ఇంకోచోట వెతకాలి. పాత అద్దె-కొనుగోలు పద్ధతిలో ఆఖరి వాయిదా కట్టేదాకా వస్తువు అమ్మినవాడిదే. కట్టకపోతే వచ్చి ఫ్యాను విప్పుకుపోయేవాడు. దానికొక చట్టం 1972లో పార్లమెంటు చేసింది గాని అది ఆచరణలోకి రాకుండానే 2005లో రద్దయింది. అదే 2005లో, ఎవరు అప్పు ఎలా తీరుస్తున్నారో లెక్క వుంచే సంస్థల కోసం ఇంకో చట్టం వచ్చింది. ఈ రెండు సంగతులూ పక్కపక్కన పెట్టి చూడవలసినవి. ఇవాళ చీరనో ఫోన్‌నో కొన్నవాడు మొదటిరోజు నుంచే దానికి యజమాని. తాకట్టు పడింది అతని పేరు. మన భాషలో దానికి ముందే ఒక మాట వుంది, పరపతి. పరపతి సంఘం అంటే అప్పులిచ్చే సంఘం. పరపతి వున్న మనిషి అంటే పలుకుబడి వున్నవాడు. ఒకే మాట. రెండు వాయిదాలు తప్పిన కుర్రవాడికి మూడేళ్ళ తర్వాత చెల్లెలి చదువుకు అప్పు అడిగితే బ్యాంకు గుమాస్తా అంకె చూసి తల అడ్డంగా ఊపుతాడు. సన్నివేశం అక్కడుంది. ఆ ఫోను అప్పటికి పాడై మూలన పడి వుంటుంది.

వాయిదా అన్న మాటనే చూడండి. అరబ్బీలో దీని మూలానికి అర్థం మాట ఇవ్వడం. పారశీకం, ఉర్దూల మీదుగా మనకు వచ్చింది. వాయిదా వేయడం అంటే పని మరో రోజుకు నెట్టడం. వాయిదా కట్టడం అంటే బాకీలో ఒక భాగం తీర్చడం. నామవాచకం ఒకటే, క్రియ మారితే అర్థం తిరగబడుతుంది. కిస్తు కూడా అట్లాగే బయటినుంచి వచ్చి, మన దగ్గర భూమిశిస్తుతో అంటుకుపోయింది. ఇప్పుడు ఈఎమ్ఐ వచ్చింది. మన పిల్లలకు దాని మూడు అక్షరాల విప్పు తెలియదు. తెలియనవసరం లేకుండానే అది తెలుగైపోయింది. నాకు దానితో పేచీ లేదు. పేచీ అల్లా ఆ మాట ముందు చేరే విశేషణంతో.

అంగట్లో విశేషణాలకు కూడా ఇప్పుడు కొంత అదుపు వుంది. 2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఆన్‌లైన్ అమ్మకాల్లో జనాన్ని మభ్యపెట్టే పద్ధతులు పదమూడింటిని పేర్కొని నిషేధించింది. మొదట ఒక వెల చూపి చివర్లో రుసుములు ఒక్కొక్కటే కలపడం వాటిలో ఒకటి. లేని తొందర పుట్టించడం ఇంకొకటి. చీరను తిప్పి పంపినప్పుడు జరిగేది కూడా కొన్నవాళ్ళకు ముందు చెప్పవలసిందే. అమ్మకం ఒక ఒప్పందం, అప్పు ఇంకో ఒప్పందం. చీర వెనక్కి పోయినంత మాత్రాన అప్పు దానంతటది పోదు. చాలా బ్యాంకుల్లో వాయిదాలను వేరుగా రద్దు చేయించుకోవాలి. కట్టిన రుసుము తిరిగి రాదు. నా సహోపాధ్యాయుడొకాయన వెనక్కి పంపిన మిక్సీకి రెండు వాయిదాలు కట్టాక గాని ఈ సంగతి కనిపెట్టలేదు.

చీర రెండో కొస గురించి కూడా చెప్పాలి. నేతఊళ్ళలో మాస్టరు వీవరు నూలు, పట్టు ఇచ్చి నేయించుకుంటాడు. నేసేవారికి చీరకింత అని మజూరీ. మగ్గం మీదికి వచ్చేటప్పుడు అడ్వాన్సు తీసుకుంటారు. అది బాకీగా నిలిచిపోతుంది. బాకీ తీరనిదే ఇంకొకరి దగ్గరికి పోవడానికి లేదు. కొనే చివర బ్యాంకుకు బాకీ, నేసే చివర మాస్టరుకు బాకీ. రెంటి మధ్యలో చీర. కథకులెవరైనా ఈ చీరను ఆ చివరినుంచి ఈ చివరిదాకా వెంబడించి రాస్తే చదవాలని వుంది.

నేను ఆ అమ్మాయిని ఇంకో మాట అడిగాను. "మజూరీ ఏమన్నా పెంచారా?"

కాసేపు ఊరుకుంది. "అడుగుతున్నారు సార్. పట్టుచీరకు అయిదొందలు పెంచమంటున్నారు. మావయ్యగారు కుదరదన్నారు. ఇప్పటికే వాయిదాల కోసం వెల పెంచాం, ఇంకా పెంచితే ఎవరు కొంటారని."

అదే అయిదొందలు. బ్యాంకుకు ఇవ్వడానికి వెలలో చోటు దొరికింది. మగ్గం గుంటలో కూచున్నవాళ్ళకు ఇవ్వడానికి దొరకలేదు. ఆమె తెలియక అనలేదు, తెలిసి దాచనూ లేదు. లెక్క చెప్పమంటే చెప్పింది. నేనూ ఆమెకు ఉపదేశం చేసే స్థితిలో లేను. మా అబ్బాయి చదువుకు 2020లో, బళ్ళు మూతపడ్డ రోజుల్లో, తొమ్మిది వాయిదాల మీద ఫోను కొన్నది నేనే. ఖర్చు లేనివే అనుకున్నాను.

ఆ రాత్రి ఇద్దరం కూచుని వాక్యం మళ్ళీ రాశాం. నాలుగుసార్లు కొట్టివేతలయ్యాక ఇట్లా తేలింది: "రొక్కమైతే 11,500 రూపాయలు. ఆరు వాయిదాలైతే నెలకు 2,000 చొప్పున 12,000. బ్యాంకు రుసుము, పన్ను వేరు." ఇందులో అలంకారం లేదు. మీకు నచ్చిన చీర అన్న ముక్క నాకు నచ్చినదే గాని, దానికి చోటు లేక తీసేశాను. రెండు వెలలు పక్కపక్కన కనపడితే వాయిదాల వాళ్ళు జంకి పోతారేమోనని ఆమె సందేహించింది. పోతే పోతారులే అని నేను అనలేకపోయాను. అది నా అంగడి కాదు. ఆమే కాసేపాగి, "పెట్టి చూద్దాం సార్" అంది.

సంక్రాంతికి మళ్ళీ వచ్చింది. వాయిదాల మీద కొనేవాళ్ళు కొంత తగ్గారట. రొక్కానికి కొనేవాళ్ళు పెరిగారట. రెండూ కలిపి చూస్తే అమ్మకం పెద్దగా మారలేదట. రొక్కం అమ్మకాల్లో కార్డు వడ్డీ పోవటం లేదు కనుక మావయ్యగారు మెత్తబడి, అడిగిన పెంపులో సగం, చీరకు 250, ఒప్పుకున్నారు. మిగతా సగం గురించి మగ్గాలవాళ్ళు ఇంకా అడుగుతూనే వున్నారు.

వాక్యం అట్లాగే వుందా అని అడిగాను. ఒక మాట మార్చానంది. హైదరాబాదు నుంచి, బెంగుళూరు నుంచి ఫోన్లు చేసి, "రొక్కం అంటే ఏమిటండీ, అది వేరే రకం చీరా?" అని అడిగారట ఒకరిద్దరు. అందుకని దాన్ని తీసేసి "ఒకేసారి కడితే" అని పెట్టింది. నాకు చివుక్కుమంది. కాని ఆమె పెట్టిందే బాగుంది.